జున్ను కాని జున్ను

ఆంగ్లాంధ్ర నిఘంటువు తెరచి ‘చీజ్’ అన్న మాటకు అర్థం వెదికితే చాలావాటిలో ‘జున్ను’ అని కనిపిస్తుంది. నిఘంటుకర్తలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ మాటకు దరిదాపులలో వారికి దొరికినది అదొక్కటే. కాని ఒక్కసారి జున్ను రుచి చూచిన తెలుగువారెవరికైనా ఈ రెండూ ఒకటి కావని వేరే చెప్పనక్కరలేదు. ఈనిన పశువు మొదటి రెండు మూడు రోజులు ఇచ్చే ముర్రుపాలలో బెల్లమూ, మిరియాలూ, యాలకులూ కలిపి ఆవిరిమీద ఉడికిస్తే, ఏ తోడూ ఏ పులుపూ అక్కరలేకుండా కేవలం వేడికే గట్టిపడేది జున్ను. ఒకటి రెండు రోజులలో తిని ముగించవలసిన అపురూపమైన తీపి అది. చీజ్ జాతి వేరు. పాలను పనిగట్టుకొని విరిచి, నీరు పిండి, ఉప్పు పట్టించి, కొన్ని రకాలను నెలల తరబడి మగ్గబెట్టి చేస్తారు. పాలు విరగడం మన ఇళ్ళలో నష్టం. కొందరి దృష్టిలో అపశకునం కూడా. అటువంటి వంటింట చీజ్ పుట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఉత్తరాది నుంచి వచ్చిన ‘పనీర్’ గతి కూడ ఇంతే. మన హోటళ్ళవారు దానిని ‘పన్నీరు’ చేశారు. పన్నీరంటే పెళ్ళిపందిట్లో చల్లే గులాబినీరని మాత్రమే తెలిసిన పాతకాలపు చదువరి ‘పన్నీరు మసాలా’ అన్న బోర్డు చూచి తెల్లబోతే ఆ తప్పు ఆయనది కాదు.

ఈ పేర్ల గందరగోళం చాలదన్నట్లు ఇప్పుడు ‘పాలు లేని చీజ్’ ఒకటి బజారులోకి వచ్చింది. ఈ శీర్షిక చదివేవారికి నా వృత్తి తెలిసినదే గనుక, అనువాదకురాలికి వంటింటి విషయాలెందుకని అడగరనుకొంటాను. నన్ను ఇందులోకి దింపినది మా అక్క. ఆమె కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ రెండేళ్ళ క్రితం వీగన్ అయింది. పాడిపశువు ఏటేటా ఈనితేనే పాలు. పుట్టిన మగదూడకు నాగలి పని కూడ లేని ఈ రోజులలో దాని గతి ఏమిటన్నది ఆ పిల్ల ప్రశ్న. మా అక్క దగ్గర దానికి సమాధానం లేదు. నా దగ్గరా లేదు. పెరుగు, నెయ్యి మానడం ఆ అమ్మాయికి అంత కష్టం కాలేదు. చీజ్ మానడమే దుస్సాధ్యమయింది. 1996లో విదేశీ పిజ్జా దుకాణాలు మన దేశంలో తెరచుకొన్న తరువాత పెరిగిన తరం కదా! చీజ్‌కు బదులుగా పొట్లాలలో వచ్చే రేకులు కొని, పూటపూటా రొట్టెమధ్య పెట్టుకొని తిన్నది. పాలు మానినందువల్ల పోయే బలమంతా వాటితో తిరిగి వస్తున్నదని నమ్మింది. ఏడాదిన్నర తిరిగేసరికి విడువని నీరసం. రక్తపరీక్షలో బి12 విటమిన్ బాగా తక్కువని తేలింది. ‘పాలు తాగితేగాని ఈ ఇంట్లో కాలు పెట్టవద్దు’ అని తల్లి, ‘అయితే రాను’ అని కూతురు. ‘నువ్వు ఇంగ్లీషు చదివినదానివి గదా, ఆ పొట్లాలమీద ఏముందో చదివి చెప్పవే’ అని అక్క నాకు నాలుగు పొట్లాలు పంపింది.

చదివాను. మొదటి మూడింటిలోనూ వరుస ఒకటే: నీరు, శుద్ధిచేసిన కొబ్బరినూనె, పిండిపదార్థం, ఉప్పు, సువాసనలు, రంగు. మాంసకృత్తులు దాదాపు శూన్యం. (పప్పుదినుసులలో ఉన్నవాటికి కూడ ‘మాంసకృత్తులు’ అని పేరు పెట్టుకొన్న మనకు వీగన్‌ల బాధ ఎలా అర్థమవుతుంది!) చెడ్డర్ అనే సాధారణమైన చీజ్ 100 గ్రాములలో 25 గ్రాముల వరకు మాంసకృత్తులు, 700 మిల్లీగ్రాములకు తక్కువ గాకుండా కాల్షియం ఉంటాయి. ఈ రేకులలో ఆ స్థానాన్ని నూనె, గంజి ఆక్రమించాయి. కొబ్బరినూనెలో నూటికి 80 పాళ్ళకు పైగా సంతృప్తమైన క్రొవ్వే. అప్పుడప్పుడు ఒక రేకు తింటే ప్రమాదమేమీ లేదు. కాని దానిని పాలకు బదులు అనుకోవడం, బొమ్మ తుపాకిని కాపలాకు పెట్టుకోవడం వంటిది.

నాలుగవ పొట్లం సంగతి మరీ విచిత్రం. దానిమీద పెద్ద అక్షరాలలో ‘నాన్-డైరీ’ అని ఉంది. లోపల చిన్న అక్షరాలలో ‘సోడియం కేసినేట్’ అని ఉంది. కేసినేట్ అంటే పాలలోని ప్రధాన మాంసకృత్తు అయిన కేసిన్ నుంచి తీసినదే. వెన్నా మీగడా లేవు గనుక ‘నాన్-డైరీ’ అనే ఆచారం అమెరికాలో కాఫీపొడి మీగడలనాటినుంచీ ఉన్నది. మాటకు మాట పెట్టి ‘పాలు లేనిది’ అని అనువదిస్తే అది అబద్ధమవుతుంది. ‘లాక్టోజ్ లేనిది’ అన్నా అంతే: పాలలోని చక్కెరను మాత్రమే తొలగించారు, పాలు పాలే. ‘అనలాగ్’ అన్న మాట చూచి సంతోషించడం కూడ తొందరపాటే. పాలక్రొవ్వుకు బదులు వంటనూనె పోసి, పాల మాంసకృత్తును అలాగే ఉంచి చేసేవి వాటిలో ఉన్నాయి. మా పక్కవాటాలోని చిన్నపిల్లవానికి పాలు పడవు. ఒక్క చుక్క లోపలికి పోయినా ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరి అందదు. ఆ తల్లికి ఇది రుచుల విషయం కాదు, పిల్లవాని ప్రాణం విషయం. అందుచేత ఆమెకు చెప్పినదే ఇక్కడా చెబుతున్నాను: ముందువైపు పెద్ద అక్షరాలు చదవడం మాని, వెనుకవైపు చిన్న అక్షరాలు చదవాలి. కేసిన్, కేసినేట్, వే, పాలపొడి అన్న మాటలలో ఏ ఒక్కటి కనిపించినా అది పాలవస్తువే. ఆకుపచ్చ చుక్క సంగతికొస్తే, అది శాకాహారానికి గుర్తు. మన దేశంలో శాకాహారమంటే అందులో పాలున్నాయి. వీగన్ ఆహారానికి మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో వేరే నియమావళిని, ఆకుతో కూడిన ఆకుపచ్చని ‘వి’ అక్షరపు ముద్రను ఏర్పాటు చేసింది.

ఇంతకూ ఇన్ని దినుసులుండగా పాలు లేకుండా సరియైన చీజ్ చేయడం ఎందుకు సాధ్యం కావడం లేదు? కారణం ఆ కేసిన్‌లోనే ఉన్నది. ఆవుపాలలోని మాంసకృత్తులలో నూటికి 80 పాళ్ళు అదే. అది పాలలో విడివిడిగా గాక, కాల్షియం ఫాస్ఫేటుతో బిగించిన అతి సూక్ష్మమైన గుళికలుగా తేలుతూ ఉంటుంది. గుళికలు ఒకదానికొకటి అంటుకోకుండా పైన ఒక విధమైన నూగు కాపలా కాస్తుంది. దూడ పొట్టలో పుట్టే రెన్నెట్ అనే పాచకరసం ఆ నూగును కత్తిరిస్తుంది. అప్పుడు గుళికలు గొలుసులుగా అల్లుకొని, మధ్యలో క్రొవ్వును బంధించుకొని గడ్డకడతాయి. వేడి తగిలితే ఆ అల్లిక తెగకుండానే జారుతుంది. అదే పిజ్జామీద సాగే తీగ. మొక్కల మాంసకృత్తులలో ఇటువంటి అల్లిక లేదు. సోయాదిగాని శనగదిగాని వేడిచేసినకొద్దీ మరింత బిగుసుకొంటుంది తప్ప కరగదు. ఇక రెన్నెట్ విషయానికి వస్తే, సూక్ష్మజీవులచేత ఆ పాచకరసాన్ని తయారు చేయించే పద్ధతికి 1990లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ విధంగా చీజ్ తయారీలో దూడ ప్రమేయం చాలావరకు తప్పింది గాని ఆవు ప్రమేయం తప్పలేదు. ఇప్పుడు పాల మాంసకృత్తులనే సూక్ష్మజీవులతో తయారు చేయిస్తున్న కంపెనీలున్నాయి. అవి మా అక్క కూతురి మనస్సాక్షికి సరిపోవచ్చును. పక్కింటి పిల్లవానికి మాత్రం అవీ విషమే; ఎందుకంటే ఆవు లేకపోయినా ఆ మాంసకృత్తు అదే.

ఈ వెదుకులాట మనకు కొత్తది కాదు. ‘వీగన్’ అన్న పేరు 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు కలసి పెట్టినది. ‘వెజిటేరియన్’ అన్న ఆంగ్లపదంలోని మొదటి మూడు అక్షరాలనూ చివరి రెండింటినీ కలిపి దానిని చేశారు. అంతకు మూడు దశాబ్దాల ముందే, 1912లో, దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ క్షేత్రంలో గాంధీగారు పాలు మానివేశారు. 1918లో జబ్బుపడి మంచం పట్టినప్పుడు ఆయన పాలకు బదులు మొక్కలనుంచి దొరికేదేదైనా ఉన్నదా అని వైద్యులను, శాస్త్రజ్ఞులను విచారించారు. ఒకరు పెసరకట్టు అన్నారు, ఒకరు ఇప్పనూనె అన్నారు, మరొకరు బాదంపాలన్నారు. ఏదీ నిలబెట్టలేదు. చివరకు కస్తూరిబా సూచనమీద మేకపాలు తీసికొన్నారు. ప్రతిన పట్టినప్పుడు మనసులో ఉన్నవి ఆవుపాలూ గేదెపాలే గదా అన్నది దానికి సమర్థన. అక్షరం నిలిచింది, ఆత్మ నిలవలేదని ఆయనే ఆత్మకథలో బాధపడ్డారు. తన దేహానికి సరిపడేది ఒకటి దొరకక, అంతటివాడు పడిన బాధ అది. మా అక్క కూతురిని పంతగొండి అనబోయినప్పుడల్లా నాకు ఆ అధ్యాయం గుర్తుకు వచ్చి నోరు మూతపడుతున్నది.

ఆయన అడిగిన తీరులోనే చిక్కున్నదని నాకనిపిస్తుంది. పాలకు బదులు ఒక్క వస్తువు, చీజ్‌కు బదులు ఒక్క వస్తువు కావాలని మనమూ అడుగుతున్నాము. అనువాదం చేసేవారికి ఈ పొరబాటు ఎక్కడ మొదలవుతుందో తెలుసు. ఒక ఆంగ్లపదానికి అన్ని వాక్యాలలోనూ సరిపోయే ఒకే తెలుగుమాట ఉండదు. ఆ వాక్యంలో అది ఏ పని చేస్తున్నదో చూచి మాట వేయాలి. చీజ్ చేసే పనులు కనీసం నాలుగున్నాయి. కూరలో ముక్కగా నిలుస్తుంది. రొట్టెమీద పులుపూ ఉప్పూ కలిసిన పూతవుతుంది. వేడికి సాగుతుంది. దేహానికి బలమిస్తుంది. ఈ నాలుగు పనులకూ నలుగురు పనివారిని పెట్టుకోవాలి.

మొదటిది అన్నిటికన్న సులభం. పనీర్‌ను రెన్నెట్‌తో గాక పులుపుతో విరుస్తారు గనుక అది ఎంత వేడిచేసినా కరగదు. కరగనిదానికి బదులు కరగనిది దొరకడం కష్టమా? చైనావారు అనేక శతాబ్దాలుగా చేస్తున్న టోఫు అచ్చం ఆ పని చేస్తుంది. వారు దానిని విరచడానికి జిప్సంగాని సముద్రపుటుప్పులోని మెగ్నీషియం లవణంగాని వాడతారు. ఇంట్లో నిమ్మరసం చాలు. ఒక గ్లాసు సోయాగింజలను రాత్రి నానబెట్టి, ప్రొద్దున పొట్టు పులిమివేసి, మరిగిన నీళ్ళతో రుబ్బాలి. చన్నీళ్ళతో రుబ్బితే గింజలోని ఒక ఎంజైము మేల్కొని పచ్చివాసన పుట్టిస్తుంది. చాలమంది సోయాను ఈసడించుకోవడానికి కారణం ఆ వాసనే. మొత్తం ఆరేడు గ్లాసుల నీరు పట్టేటట్లు రుబ్బి, గుడ్డలో వడగట్టి, ఆ పాలను కలియబెడుతూ పది నిమిషాలు బాగా కాగనివ్వాలి. దింపి కొంచెం చల్లారిన తరువాత రెండు మూడు నిమ్మకాయల రసం నీళ్ళలో కలిపి పోస్తే విరుగుతుంది. గుడ్డలో మూటగట్టి, అరగంట సేపు పైన బరువు పెడితే ముక్కలు కోయడానికి సిద్ధం. ఆదిలాబాదు, నిర్మల్ ప్రాంతాలలో సోయా విరివిగా పండుతున్నది. నూనె పిండగా మిగిలినది కోళ్ళమేతకు పోతున్నది. మనదాకా వచ్చేది మీల్‌మేకర్ రూపంలో మాత్రమే. ఇది నాకెప్పుడూ వింతగానే తోస్తుంది. చైనాలో టోఫు ముక్కలకు బూజు పట్టించి, ఉప్పునీటిలో మగ్గబెట్టి ఫూరు అనే పదార్థం చేస్తారు. వెన్నలాగా మెత్తగా, ఘాటుగా ఉంటుందది. విదేశీయులు దానిని చైనా చీజ్ అంటారు గాని, చైనావారు దేనికీ బదులుగా దానిని కనిపెట్టలేదు.

రెండవ పనికి జీడిపప్పు. ఇక్కడ తెలుగువారు ఎవరి దగ్గరా నేర్చుకోనక్కరలేదు. పలాస, వేటపాలెం మనవే. గింజలలో జీడిపప్పుకు ఒక ప్రత్యేకత ఉన్నది: క్రొవ్వుతోపాటు పిండిపదార్థం కూడ అందులో ఎక్కువ. అందుకే రుబ్బి కూరలో వేస్తే గ్రేవీ చిక్కబడుతుంది, రుబ్బి ఆరబెట్టితే గడ్డకడుతుంది. గుండు పప్పు కొనవలసిన పని లేదు. బద్ద, నూక చాలు. ధరలో చాల తేడా ఉంటుంది. నాలుగైదు గంటలు నానిన పప్పును వీలైనంత తక్కువ నీటితో వెన్నలా రుబ్బాలి. దానిని పులియబెట్టడానికి పెరుగుచుక్క వేస్తే వ్రతభంగం. మన పల్లెలలో తోడు దొరకనప్పుడు పచ్చిమిరపకాయ తొడిమలు వేసి పాలు తోడుపెట్టేవారు. తొడిమలమీద పుట్టే సూక్ష్మజీవులు పెరుగులో ఉన్నవాటి జాతివే. ఆ ఉపాయమే ఇక్కడా పనికివస్తుంది. కడిగిన తొడిమలు ఐదారు గ్రుచ్చి, మూతపెట్టి రాత్రంతా ఉంచి, ప్రొద్దున తీసివేసి ఉప్పు కలపాలి. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులుంటుంది. మిరియాలపొడో, దంచిన వెల్లుల్లో చేరిస్తే రొట్టెమీదకు దీనిని మించిన పూత నేనెరుగను. కోసికోవడానికి వీలుగా గట్టిగా కావాలంటే చైనాగ్రాస్ మరిగించి కలపాలి. ముర్రుపాలు దొరకని పట్నవాసులు ఆ చైనాగ్రాస్‌తోనే మామూలు పాలను గడ్డకట్టించి జున్ను అంటున్నారు. బదులు వస్తువులు మనకు కొత్త అనేవారు ఆ సంగతి గమనించాలి.

మూడవ పని, సాగడం. ఇందులో ఆశ పెద్దగా పెట్టుకోరాదు. కొంతవరకు సగ్గుబియ్యం సాయపడుతుంది. కర్రపెండలం పిండి వేడికి జిగురుగా, తీగలుగా సాగుతుందని సగ్గుబియ్యం పాయసం వండినవారికి తెలుసు. సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల మిల్లులలో తయారయ్యే ఆ సగ్గుబియ్యాన్నే మెత్తగా పొడికొట్టి జల్లించి మూడు చెంచాలు తీసికొని, అరగిన్నెడు నానిన జీడిపప్పు, ఒక గ్లాసు నీరు, నిమ్మరసం, ఉప్పుతో రుబ్బి, సన్నని సెగమీద ఆపకుండా కలిపితే ఐదు నిమిషాలలో ముద్దగా సాగుతుంది. ఇందులో ‘న్యూట్రిషనల్ ఈస్ట్’ అనే పసుపుపచ్చని రేకులు ఒక చెంచా వేస్తే చీజ్‌లోని మగ్గిన రుచికి దగ్గరగా వస్తుంది. ఇది రొట్టెలు పొంగించే ఈస్ట్ కాదు. బెల్లపుమడ్డిమీద పెంచి, వేడితో చంపి, ఆరబెట్టినది. వేడివేడిగా ఉన్నంతసేపూ సాగుతుంది, చల్లారితే బంక. మోజరెల్లాతో పోల్చుకోకుండా తింటే బాగుంటుంది. పోల్చుకొంటే బాగుండదు.

పేర్ల తగాదా కోర్టులకు కూడ ఎక్కింది. పాలు కానివాటిని పాలు, చీజ్ అని అమ్మరాదని 2017లో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. మన దేశంలో 2021లో ఆహార భద్రతా సంస్థ అటువంటి పేర్లతో ఉన్న సరుకులను ఆన్‌లైన్ అంగళ్ళనుంచి తొలగించమని ఆదేశించింది. రెండుచోట్లా కొబ్బరిపాలకు మాత్రం మినహాయింపు దొరికింది. దొరకక ఏమవుతుంది? కొబ్బరికి పాలు, జిల్లేడుకు పాలు, పాలుపోసుకొన్న జొన్నకంకికి పాలు అని మన రైతులు ఏ చట్టమూ రాకముందే నిర్ణయించారు. నా వరకు నేను వంటపుస్తకాల అనువాదంలో ‘జీడిపప్పు ముద్ద’, ‘సోయా గడ్డ’ అనే వ్రాస్తాను. ప్రకాశకులు ఒప్పుకోరు, ‘వీగన్ చీజ్’ అంటేనే పుస్తకం అమ్ముడవుతుందంటారు.

ఇక నాలుగవది, బలం. తల్లీకూతుళ్ళ పోరు అక్కడిది గనుక దానిని ఆఖరుకు ఉంచాను. మాంసకృత్తులకు టోఫు, పప్పులు, వేరుశనగ చాలును. కాల్షియంకు జిప్సంతో విరిచిన టోఫు మంచిది. నిమ్మరసంతో విరిచినదానిలో ఆ లాభం లేదు. నువ్వులున్నాయి. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. బి12 సంగతి మాత్రం అలా కాదు. దానిని తయారుచేయగలిగినవి సూక్ష్మజీవులు మాత్రమే. మొక్కలలో నమ్మదగినంత ఉండదు. శాకాహారులకు అది ముఖ్యంగా పాలు, పెరుగులనుంచి వస్తున్నది. ఈస్ట్ రేకులలో కూడ తయారీదారులు విడిగా చేరిస్తేనే ఉంటుంది. కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడ నిల్వ ఉండడంవల్ల లోపం వెంటనే బయటపడదు. ఆ నిల్వ మొదటే తక్కువైతే త్వరగా పడుతుంది. అశ్రద్ధ చేస్తే రక్తహీనతతో ఆగక, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కి నరాలు దెబ్బతింటాయి. ఏ జీడిపప్పు ముద్దా, ఏ సోయాగడ్డా దీనిని తీర్చలేవు. దీనికి వైద్యుడు చెప్పిన మోతాదులో మాత్ర మింగాలి. ఆ మాత్రలోని విటమిన్ కూడ సూక్ష్మజీవులను పెంచి తీసినదే, ఏ పశువుదీ కాదు.

ఈ చివరి వాక్యం నేను ఫోనులో రెండుసార్లు చెప్పవలసి వచ్చింది, ఒకసారి తల్లికి, ఒకసారి కూతురికి. ‘మందుబిళ్ళ మింగి బ్రతకడం ఏమి తిండే!’ అన్నది మా అక్క. ‘నువ్వు థైరాయిడ్‌కు రోజూ మింగడం లేదా?’ అన్నాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, సోయాగింజలు మరిగిన నీళ్ళతోనే రుబ్బాలా, గోరువెచ్చనివి చాలవా అని అడిగింది.